అక్వేరియం చేపల రెక్కలు ఎందుకు పాడవుతాయి: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లలోనూ కార్యాలయాల్లోనూ ఉండే అక్వేరియంల బాగోగులు చూడడం నా వృత్తి. చేప తోక చినిగిందనగానే చాలామంది నన్ను ముందుగా మందు పేరు అడుగుతారు. రెక్క అంచు ఎలా ఉంది, ట్యాంకులో పోసిన నీరు ఎక్కడిది అన్న రెండు సంగతులు తెలియకుండా ఏ మందు చెప్పినా అది చేపకు మేలు చేయదని నా నమ్మకం.

అపోహ: రెక్క చినిగిందంటే అది ఫిన్ రాట్ (బ్యాక్టీరియా వల్ల రెక్కలు కుళ్లే) రోగమే.

రోగం వల్ల పోయిన రెక్కకూ, మరో చేప కొరికిన రెక్కకూ, దేనికో తగిలి చీరుకుపోయిన రెక్కకూ అంచులో స్పష్టమైన తేడా ఉంటుంది. కొరికిన చోట అర్ధచంద్రాకారంలో ముక్క తెగిపోయి, మిగిలిన రెక్క రంగు మారకుండా ఉంటుంది. ప్లాస్టిక్ మొక్కలకో, పదునైన రాళ్లకో, ఫిల్టర్ నీటిని లాగే జాలీకో తగిలినప్పుడు రెక్క ఈనెల వెంబడి నిలువుగా చీలుతుంది. ఫిన్ రాట్ అలా ఒక్కసారిగా కనిపించదు. అంచు తెల్లగానో నల్లగానో మారి, ఎగుడుదిగుడుగా కరుగుతూ, ఒక్కోసారి ఎర్రటి చారలతో లోపలికి పాకుతుంది. ఈనెల మధ్య పొర పోయి, అవి దువ్వెన పళ్లలా మిగులుతాయి.

ఇతర చేపల రెక్కలు కొరికే టైగర్ బార్బ్ చేపలను రెండు మూడు మాత్రమే తెచ్చి ఏంజెల్, గప్పీ, ఫైటర్ వంటి పొడవాటి రెక్కల చేపలతో కలిపితే కొరుకుడు దాదాపు తప్పదు. వాటిని ఆరు లేదా ఎనిమిదికి తగ్గకుండా గుంపుగా ఉంచితే ఆ ధోరణి చాలావరకు తమలో తామే తీరుతుంది, అయినా ఏంజెల్‌తో కలపకపోవడమే మంచిదని నేను చెబుతాను. ఒంటరిగా ఉన్న ఫైటర్ తోక పాడైతే, అది తన తోకను తానే కొరుక్కునే అవకాశాన్ని కూడా చూడాలి. ట్యాంకుకు కాస్త దూరంగా పావుగంట కూర్చుని గమనిస్తే చాలా కేసుల్లో కొరికే చేప దొరుకుతుంది.

అపోహ: నీరు తేటగా ఉంది కనుక లోపం నీటిలో లేదు.

అమోనియాకు, నైట్రైట్‌కు రంగు లేదు కనుక అద్దంలా మెరిసే నీటిలోనూ అవి ఉండవచ్చు. చేప విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి పుట్టే అమోనియాను ఫిల్టర్‌లో పెరిగే బ్యాక్టీరియా మొదట నైట్రైట్‌గా, ఆ తరువాత నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త ట్యాంకులో ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆలోగా చేపలను నింపితే రెక్కల అంచులు దెబ్బతిని, వాటిపై బ్యాక్టీరియా రోగం చేరుతుంది.

మన నగరంలో ఈ సమస్యకు మరో ముఖం ఉంది. గ్రానైట్ నేలలోంచి వచ్చే బోరు నీరు చాలాచోట్ల గట్టి నీరు (ఖనిజాలు ఎక్కువగా ఉన్నది), పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటి ఉండడం మామూలే. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే మొత్తం అమోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం కంటే తక్కువ, పీహెచ్ 8కి చేరితే అది 5 శాతానికి పెరుగుతుంది. అందుకే అదే అమోనియా కొలత ఒక ఇంట్లో చేపలకు ఇబ్బంది లేకుండా గడిచిపోయి, మరో ఇంట్లో ప్రాణాంతకం కావచ్చు. కేవలం ఆర్వో నీరు పోయడమూ పరిష్కారం కాదు, ఎందుకంటే ఖనిజాలు లేని నీటిలో పీహెచ్ నిలకడగా ఉండదు.

మంజీర, కృష్ణా, గోదావరి నీరు కుళాయికి చేరేలోపు క్లోరిన్ కలుస్తుంది. ఆ కుళాయి కింద ఫిల్టర్ స్పాంజిని శుభ్రంగా కడిగితే లోపలి మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి, వారం తిరగకముందే అమోనియా పెరుగుతుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీటిలోనే పిండాలి. నీటిని పూర్తిగా మార్చకుండా పావువంతు చొప్పున, క్లోరిన్ పోగొట్టాకే మార్చాలి. వేసవి మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నీరు వేడిగా దిగుతుంది, దాన్ని చల్లారనిచ్చి పోయాలి.

అపోహ: టెట్రాసైక్లిన్ (యాంటీబయాటిక్) క్యాప్సూల్, మిథిలీన్ బ్లూ చుక్కలు, చారెడు ఉప్పు వేస్తే ఎలాంటి గాయమైనా మానుతుంది.

గట్టి నీటిలోని కాల్షియం, మెగ్నీషియం టెట్రాసైక్లిన్‌తో కలిసి దాని శక్తిని తగ్గిస్తాయి కనుక బోరు నీటిలో ఆ మందు పని చాలావరకు వృథా. మిథిలీన్ బ్లూ ముఖ్యంగా ఫంగస్‌కు పనికొస్తుంది, ఫిల్టర్‌లోని బ్యాక్టీరియాను మాత్రం దెబ్బతీస్తుంది. ఉప్పు కొంత మేలు చేస్తుంది కానీ లీటరుకు 1 నుంచి 2 గ్రాముల కొలతతో, ముందుగా గిన్నెలో కరిగించి, విడి ట్యాంకులో కొద్దికొద్దిగా కలపాలి. మొక్కలు, కోరిడోరాస్ (ట్యాంకు అడుగున తిరిగే చిన్న చేపలు) వంటివి ఉన్న ట్యాంకులో ఉప్పు వేయడం నాకు ఇష్టం లేదు. నీరు ఆవిరైనా ఉప్పు పోదు కనుక, నీరు మార్చినప్పుడు తీసిన నీటి మేరకే ఉప్పును తిరిగి కలపాలి.

అపోహ: హీటర్ పెంచితే ఏ రోగమైనా తగ్గుతుంది.

ఈ సలహా తెల్లమచ్చల రోగానికి చెందినది. వీపు మీద జీను వేసినట్టు లేత తెలుపు మచ్చ, నోటి చుట్టూ దూదిలాంటి పొర కనిపిస్తే అది కాలమ్నారిస్ అనే బ్యాక్టీరియా రోగం కావచ్చు, వేడి నీటిలో ఆ బ్యాక్టీరియా మరింత వేగంగా పెరుగుతుంది. తీవ్రమైన దశలో ఒకటి రెండు రోజుల్లోనే చేపలు చనిపోతాయి కనుక, వేచి చూడకుండా చేపను వేరు చేసి పశువైద్యుల సలహా తీసుకోవాలి.

అపోహ: రెక్క అంచున పలుచని పారదర్శక పొర కనబడితే రోగం ముదిరింది.

ఎక్కువగా అది కొత్తగా పెరుగుతున్న రెక్క, రంగు తరువాత వస్తుంది. గాయం రెక్క మొదలు వరకు పాకకపోతే, నీరు బాగుంటే, కొన్ని వారాల్లో రెక్క తిరిగి పెరుగుతుంది. ఆ దశలో మందు మార్చకుండా, వారానికి ఒకసారి ఒకే వైపు నుంచి ఫొటో తీసి, కిందటి వారం ఫొటోతో అంచును పోల్చి చూసుకోవాలి.