ర్యాక్ మీది ఎలక్ట్రానిక్ రేటు చీటీలు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండ, కరీంనగర్‌లలో సూపర్ మార్కెట్ నడిపేవాళ్లు వైర్‌లెస్ చీటీలు (ర్యాక్ అంచున సరుకు రేటు చూపించే చిన్న తెరలు) పెట్టించే ముందు ఇవి తెలుసుకోవాలి.

అపోహ: కరెంటు పోతే రేట్లు మాయమవుతాయి.

వాస్తవం: పోవు. వీటిలో ఉండే ఇ-ఇంక్ తెరకు (కాగితం మీది అచ్చులా కనిపించే తెర) రేటు మార్చేటప్పుడే కరెంటు కావాలి. చీటీలోని సెల్లు (బ్యాటరీ) తీసేసినా చివరి రేటు అలాగే ఉంటుంది. అసలు చిక్కు అక్కడే: సెల్లు అయిపోయిన చీటీ పాత రేటు చూపిస్తూ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. పొద్దున షట్టర్ ఎత్తగానే సాఫ్ట్‌వేర్‌లో జవాబివ్వని చీటీల జాబితా చూడండి. యూపీఎస్ కావాల్సింది గేట్‌వేకు (చీటీలకు రేట్లు పంపే పెట్టె), రూటర్‌కు.

అపోహ: సిస్టంలో రేటు మారిస్తే ఇక తప్పు జరగదు.

వాస్తవం: ఎక్కువ తలనొప్పి ఇక్కడే. 2025 సెప్టెంబర్ 22న ఒంటి సబ్బులు, షాంపూల జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గినట్టు ఒకేసారి వందల రేట్లు మారితే చీటీలు బాగా ఆదుకుంటాయి. కానీ కంపెనీ ఎమ్మార్పీ పెంచినా చాలాసార్లు బార్‌కోడ్ మారదు. పాత, కొత్త ప్యాకెట్లు ఒకే వరుసలో ఉంటాయి, చీటీ మాత్రం ఒక్క రేటే చూపిస్తుంది. చీటీలో ఎంతున్నా, ప్యాకెట్ మీది ఎమ్మార్పీ దాటి ఒక్క రూపాయి తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు. అందుకే బిల్లింగ్‌లో ఒక్కో ఎమ్మార్పీకి వేరే ఐటెం కోడ్ పెట్టి, పాత స్టాకును పక్క వరుసలో వేరే చీటీతో ఉంచండి. లేదా అది అయిపోయేదాకా మొత్తం పాత రేటుకే అమ్మండి.

ఏ చీటీ ఏ సరుకుదో సాఫ్ట్‌వేర్‌కు తెలియడానికి చీటీ బార్‌కోడ్, సరుకు బార్‌కోడ్ రెండూ స్కాన్ చేసి జత కలపాలి. తర్వాత సరుకు జాగా మారిస్తే చీటీ కూడా దాంతోపాటే కదలాలి, లేదా మళ్లీ జత కలపాలి. మేడారం జాతరకు తెప్పించే బెల్లం లాంటి విడి సరుకుకు బార్‌కోడ్ ఉండదు. ముందే దుకాణం సొంత కోడ్ ఇవ్వండి.

అపోహ: షాపులో వైఫై ఉంటే చాలు.

వాస్తవం: చాలా రకాలు 2.4 గిగాహెర్ట్జ్‌లో బ్లూటూత్‌తోనో, కంపెనీ సొంత రేడియోతోనో పనిచేస్తాయి. వాటికి గేట్‌వే వేరే. ఇనుప ర్యాకులు, నీళ్ల బాటిళ్ల దొంతరలు సిగ్నల్‌ను అడ్డుకుంటాయి. గేట్‌వేను ర్యాకుల కంటే ఎత్తులో, రూటర్‌కు దూరంగా బిగించి, చివరి ర్యాక్ అడుగు అరలో చీటీ పెట్టి పరీక్షించండి.

అపోహ: సెల్లు ఐదేళ్లు ఖాయం.

వాస్తవం: అది రోజుకు కొద్దిసార్లే రేటు మారుతుందనుకుని వేసిన లెక్క. ఎరుపు రంగున్న తెర మారడానికి ఎక్కువసేపు పడుతుంది, సెల్లూ ఎక్కువ తింటుంది. మామూలు చీటీలు చాలావరకు 0 నుంచి 40 డిగ్రీల వరకే. మే నెల ఎండ తగిలే అద్దాల పక్కన పెట్టొద్దు. ఫ్రీజర్‌కు దానికని చేసిన రకమే కొనండి. రెండు బటన్ సెల్లుల చీటీలో రెండూ ఒకేసారి మార్చండి.