ఏ ప్లాస్టిక్ ఏ మలినాన్ని పట్టగలదు?

ప్లాస్టిక్ వ్యర్థాల నుంచి కలుషిత జలాన్ని శుద్ధి చేసే పదార్థాలను తయారు చేయవచ్చునన్న మాట నిజమే. అయితే ప్లాస్టిక్ అంతా ఒకే పదార్థం కాదు గనుక, ఏది ఏ మలినాన్ని పట్టగలదన్నది దాని అణు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది.

అందరికీ తెలిసిన మార్గం బొగ్గుగా మార్చడం. సంచులకు వాడే పాలిథిలిన్‌లో బరువు లెక్కన సుమారు 86 శాతం కార్బనే; నీళ్ల సీసాల పెట్ ప్లాస్టిక్‌లో అది దాదాపు 62 శాతం. బొగ్గు పాలిథిలిన్ నుంచే ఎక్కువ రావాలి కదా అనిపిస్తుంది గాని, జరిగేది అందుకు విరుద్ధం. గాలి తగలకుండా వేడి చేస్తే పాలిథిలిన్ గొలుసులు తెగి మైనంగా, నూనెగా, వాయువులుగా వెళ్లిపోతాయి, కొలిమిలో దాదాపు ఏమీ మిగలదు. పెట్‌లోని బెంజీన్ వలయాలు మాత్రం ఒకదానితో ఒకటి పెనవేసుకుని, మొదటి బరువులో ఇంచుమించు ఐదో వంతు బొగ్గుగా నిలుస్తాయి. ఆ బొగ్గుకు పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపి 700-800 డిగ్రీల సెల్సియస్ దగ్గర మళ్లీ వేడి చేస్తే, ఆ క్షారం కార్బన్‌ను అక్కడక్కడా తినేస్తుంది. విడుదలైన పొటాషియం కార్బన్ పొరల మధ్యకు చొరబడి వాటిని ఎడం చేస్తుంది. చల్లార్చి కడిగేసరికి ఒక్క గ్రాము పొడిలో వెయ్యి చదరపు మీటర్లకు, అంటే పావు ఎకరానికి, మించిన లోపలి ఉపరితలం ఏర్పడుతుంది. రంగులు, ఫినాల్, పురుగుమందుల అవశేషాలు ఆ రంధ్రాల గోడలకు అంటుకుంటాయి.

నీటిలో కరిగిన లోహాల విషయంలో ఈ బొగ్గు అంత సమర్థం కాదు. అందుకు థర్మోకోల్, అంటే పాలిస్టైరీన్, మేలు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చర్య జరిపితే దాని వలయాలకు సల్ఫోనిక్ సమూహాలు చేరతాయి. అవి తమ దగ్గరున్న హైడ్రోజన్‌ను, లేదా దాని స్థానంలో చేర్చిన సోడియాన్ని, వదిలి సీసం, రాగి అయాన్లను పట్టుకుంటాయి. నీటి శుద్ధిలో చాలాకాలంగా వాడుతున్న అయాన్ మార్పిడి రెసిన్ల రసాయనం కూడా ఇదే. గొలుసుల మధ్య అడ్డబంధాలు వేయకపోతే మాత్రం, ఆమ్ల చర్య ముదిరేకొద్దీ నీటిని శుద్ధి చేయవలసిన పదార్థమే ఆ నీటిలో కరిగిపోతుంది.

అన్నింటిలోకీ అందమైనది మూడో మార్గం. పెట్‌ను జలవిశ్లేషణ చేస్తే, అంటే నీటితో చర్య జరిపి విడగొడితే, టెరెఫ్తాలిక్ ఆమ్లం తెల్లని పొడిగా వస్తుంది. దీన్ని జిర్కోనియం లవణంతో కలిపితే, ఓస్లో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో వెల్లడించిన యూఐఓ-66 అనే లోహ-సేంద్రియ చట్రం, అంటే లోహ గుచ్ఛాలను సేంద్రియ అణువులు కలిపి ఉంచే రంధ్రాల నిర్మాణం, తయారవుతుంది. దాని జిర్కోనియం గుచ్ఛాల మీది హైడ్రాక్సిల్ స్థానాల్లోకి ఫ్లోరైడ్ వచ్చి చేరుతుంది. ఇటువంటి చట్రాలకు పునాది వేసిన కితగావా, రాబ్సన్, యాఘీలకు 2025లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అయినా జిర్కోనియం ఖరీదు, తయారీకి సాధారణంగా వాడే విషపూరిత ద్రావణి కలిసి ఈ మార్గాన్ని ఇంకా బరువుగానే ఉంచుతున్నాయి.

ఏ మార్గంలోనైనా అసలు శ్రమ వేరుచేయడంలోనే ఉంది. పెట్‌లో కొద్దిపాటి పీవీసీ కలిసినా, వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడి కొలిమిని తినేస్తుంది. బొగ్గును కడిగిన క్షారజలాన్ని తటస్థీకరించకుండా వదిలితే అదే కొత్త కాలుష్యం. మలినాలతో నిండిన బొగ్గును ఆవిరితో వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. సీసం పట్టిన రెసిన్‌ను ఆమ్లంతో కడిగితే సీసం ఆ ఆమ్లంలోకి చేరుతుంది తప్ప మాయం కాదు కాబట్టి, దాన్ని లోహంగా రాబట్టే ఏర్పాటు కూడా శుద్ధి కేంద్రంలోనే ఉండాలి.