ఆదికాండము, నీనెవె పలక, రెండో క్రోమోజోమ్

క్రైస్తవ విశ్వాసానికీ పరిణామ సిద్ధాంతానికీ మధ్య తగవు 1859లో డార్విన్ గ్రంథంతోనే మొదలైందని చాలామంది అనుకుంటారు. కానీ బైబిలు తొలి గ్రంథమైన ఆదికాండములోని మొదటి అధ్యాయాలను అక్షరాలా చరిత్రగా తీసుకోవడంలో ఉన్న చిక్కును, జీవశాస్త్రజ్ఞులకు ఒక శతాబ్దం ముందే, బైబిలును శ్రద్ధాభక్తులతో చదివినవారు బయటపెట్టారు.

తెలుగు బైబిలు చేతిలో ఉన్నవారెవరైనా ఈ చిక్కును స్వయంగా చూడవచ్చు. మొదటి అధ్యాయంలో మూడో రోజున చెట్లు, అయిదో రోజున చేపలూ పక్షులూ, ఆరో రోజున జంతువులు, ఆ తరువాత స్త్రీ పురుషులు కలిసే సృష్టి అవుతారు. రెండో అధ్యాయం నాలుగో వచనం దాటేసరికి వరస తారుమారవుతుంది. పొలంలో మొక్క ఇంకా మొలవక ముందే దేవుడు నేలమంటితో నరుణ్ణి నిర్మిస్తాడు, ఆ తరువాత తోట వేస్తాడు, నరుడు ఒంటరిగా ఉండడం మంచిది కాదని జంతువులనూ పక్షులనూ చేసి అతని ముందుకు తెస్తాడు, చివరికి అతని పక్కటెముకతో స్త్రీని చేస్తాడు. మొదటి కథ అంతటా ‘దేవుడు’ అని వచ్చిన పేరు రెండో కథలో ‘దేవుడైన యెహోవా’ అవుతుంది. ఈ తేడాను ఆధారం చేసుకుని, సంప్రదాయం ఆదికాండము రచయితగా చెప్పే మోషే తనకు ముందున్న వేర్వేరు పత్రాలను ఒకచోట కూర్చాడని 1753లో ఝాన్ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రతిపాదించాడు. మోషే కర్తృత్వాన్ని విమర్శకుల నుంచి కాపాడాలన్నదే ఆయన కోరిక. విచిత్రమేమంటే, ఆయన వేసిన దారినే నడిచిన 19వ శతాబ్దపు జర్మన్ పండితులు ఆ పత్రాలు మోషే కాలానికి ఎంతో తరువాత పుట్టినవని తేల్చారు. వారిలో ప్రముఖుడైన వెల్‌హౌజెన్ చెప్పిన నాలుగు మూలాల పథకంపై నేడు చాలా వాదోపవాదాలు ఉన్నా, ఇవి రెండు వేర్వేరు సృష్టి కథలన్న విషయంలో మాత్రం చారిత్రక పరిశోధకుల మధ్య పెద్దగా పేచీ లేదు.

రెండో దెబ్బ మట్టిపలక రూపంలో వచ్చింది. బ్యాంకు నోట్ల అచ్చులు చెక్కే పని నేర్చిన జార్జ్ స్మిత్, బ్రిటిష్ మ్యూజియంలో ప్రాచీన అస్సీరియా నగరమైన నీనెవె శిథిలాల నుంచి వచ్చిన పలకలను చదువుతూ, 1872లో జలప్రళయ కథ ఉన్న ఒక పలకను గుర్తించాడు. ఆ ఏడాది డిసెంబరు 3న లండన్‌లో దాన్ని వివరించినప్పుడు ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ కూడా సభలో ఉన్నాడు. ఓడ కొండ మీద ఆగాక అందులోని మనిషి పావురాన్ని వదులుతాడు, అది తిరిగి వస్తుంది. మరో పిట్టను వదులుతాడు, అదీ వస్తుంది. కాకిని వదిలితే అది మళ్ళీ రాదు. నోవహు కథలోనూ కాకీ పావురమూ ఉన్నాయి, వరస మాత్రమే వేరు. ఇంత చిన్న వివరం రెండు చోట్లా కాకతాళీయంగా పుట్టిందనడం కష్టం. అయితే నాకు పోలిక కంటే తేడా ముఖ్యంగా తోస్తుంది. ఇదే ప్రళయానికి మరో బాబిలోనియా రూపమైన అత్రహాసిస్ కావ్యంలో, మనుషుల గోలకు నిద్రపట్టక ఎన్లిల్ దేవుడు వారిని నాశనం చేయబూనుతాడు; ఆదికాండములో ప్రళయానికి కారణం భూమిని నింపిన హింస. పొరుగువారి కథను తీసుకుని దాని నీతిని మార్చిన ఆ రచయితలను భూగర్భశాస్త్రం అడగడం వారికి అన్యాయం చేయడమే.

జీవశాస్త్రం సాక్ష్యం దీనికి పూర్తిగా వేరైన చోటి నుంచి వస్తుంది. మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటే చింపాంజీ, గొరిల్లా, ఒరంగుటాన్‌లలో 48 ఉంటాయి. ఉమ్మడి పూర్వికుడు నిజమైతే, మన వంశంలో ఎక్కడో రెండు జతలు అతుక్కుని ఒక జత అయి ఉండాలి. క్రోమోజోము కొసల్లో టి-టి-ఎ-జి-జి-జి అనే డీఎన్ఏ అక్షరాల క్రమం వందల, వేల సార్లు పునరావృతమవుతుంది. 1991లో పరిశోధకులు ఈ కొసల క్రమాన్ని, ఉండకూడని చోట, మన రెండో క్రోమోజోము నడుమ కనుగొన్నారు. అదీ తల తలకు తాకినట్టు, ఒక పక్క తిన్నగా, మరో పక్క తిరగబడి. కణ విభజనలో క్రోమోజోమును పట్టి లాగే చోటును సెంట్రోమియర్ అంటారు; పనిచేయని రెండో సెంట్రోమియర్ ఆనవాలు కూడా అక్కడికి కొంత దూరంలో ఉంది.

మానవజాతి అంతా ఒకే జంట నుంచి వచ్చిందా అన్నది దీనికి వేరైన ప్రశ్న. 1987లో బర్కిలీ శాస్త్రజ్ఞులు వెలికితీసిన ‘మైటోకాండ్రియల్ ఈవ్’ను కొందరు బైబిలు హవ్వగా చూపుతారు, కానీ అది పొరపాటు. ఇంటిపేరు తండ్రి వైపు నుంచే వచ్చినట్టు కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది. కొడుకులే పుట్టిన తల్లుల శాఖలు ఆగిపోతూ పోగా, మిగిలిన ఒకే శాఖకు మూలమైన స్త్రీ ఆమె. ఆమె కాలంలో వేలాది స్త్రీలు జీవించారు, వారి ఇతర జన్యువులు మనలోనూ ఉన్నాయి. ఒక్కొక్కరిలో ఒక్కో జన్యువుకు రెండు నకళ్ళే ఉంటాయి కనుక, ఒక జంట ఏ జన్యువుకైనా నాలుగు రూపాలను మించి మోయలేదు. మన రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని జన్యువులకు నేడు వందలాది రూపాలున్నాయి, వాటిలో కొన్ని శాఖలు మనిషీ చింపాంజీ విడిపోకముందే వేరైనవి. ఇలాంటి వైవిధ్యాన్ని బట్టి, గత కొన్ని లక్షల సంవత్సరాల్లో మన పూర్వికుల సంఖ్య వేలల్లోనే ఉండి, ఎన్నడూ ఇద్దరికి తగ్గలేదని జన్యుశాస్త్రజ్ఞులు లెక్కగడుతున్నారు.

సృష్టి దినాలను యుగాలుగా సాగదీసి సర్దుబాటు చేసేవారు ఈ ప్రశ్న దగ్గరకే రారు. (సాగదీసినా, సూర్యుడు నాలుగో రోజున, చెట్లు మూడో రోజునే.) అసలు ముడి రోమీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో ఉంది: ఒక్క మనుష్యుని ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలోకి వచ్చాయని పౌలు అంటాడు, క్రీస్తును ఆ మనిషికి ఎదురుగా నిలబెడతాడు. శిలాజాలేమో మనిషి కంటే కోట్ల ఏళ్ళ ముందే మరణం ఉందని చెబుతాయి. 1950లో పోప్ పన్నెండో పయస్ మానవ శరీర పరిణామంపై విచారణకు అనుమతిస్తూనే, ఆదాము అనేకుల సమూహానికి పేరన్న భావనను ఆదాము పాపం మానవులందరికీ సంక్రమించిందనే ఆదిపాప సిద్ధాంతంతో ఎలా పొసగించాలో కనబడడం లేదని రాశాడు. 1996లో రెండో జాన్ పాల్ పరిణామాన్ని ఊహను మించినదిగా అంగీకరించాడు. 2004లో కార్డినల్ రాట్జింగర్ అధ్యక్షతన ఉన్న కథోలిక వేదాంత సంఘం తొలి మానవుల ఆవిర్భావాన్ని వ్యక్తులుగానో సమూహాలుగానో భావించేందుకు చోటు వదిలింది.

ఇక్కడ క్రైస్తవ జీవశాస్త్రజ్ఞులూ వేదాంతులూ కొందరు రెండో శతాబ్దపు లియోన్ బిషప్ ఐరేనియస్ దగ్గరకు వెళుతున్నారు. ఆదాము హవ్వలు సంపూర్ణులుగా పుట్టి పతనమయ్యారన్న, తరువాతి కాలపు వేదాంతి అగస్టీన్ చిత్రానికి బదులు, వారు ఎదగవలసిన పిల్లల వంటివారని ఐరేనియస్ రాశాడు. క్రమంగా రూపుదిద్దుకున్న మనిషికి ఈ చిత్రం బాగా అమరుతుంది. కానీ ఐరేనియస్ కూడా ఆదాము ఒక్క మనిషేనని నమ్మాడు, పౌలు చెప్పిన పోలిక మీదే తన వేదాంతమంతా కట్టాడు. అందువల్ల ఆయనను ఆశ్రయించినవారు ఆ ‘ఒక్క మనుష్యుని’ గురించి ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.