పిప్పి ఎవరి సొత్తు?

ఉమ్మడి విశాఖ జిల్లాలో మూతపడ్డ సహకార చక్కెర మిల్లుల్ని ఏం చేయాలన్న ప్రశ్న మళ్లీ రాజుకుంది. ఈసారి వినిపిస్తున్న మాటలు కొత్తవి. పంచదార తీశాక మిగిలే చిక్కటి మడ్డి మొలాసిస్‌తో పెట్రోలులో కలిపే ఇథనాల్ తీయవచ్చు, రసాన్ని వడకట్టగా మిగిలే మట్టి లాంటి ప్రెస్ మడ్‌తో బయోగ్యాస్ తయారవుతుంది, పిప్పితో పళ్లేలూ గ్లాసులూ అచ్చు పోయవచ్చు అంటున్నారు. వ్యర్థమన్నదే లేని ఈ పద్ధతిని విశాఖ సదస్సుల్లో వర్తుల ఆర్థిక వ్యవస్థ అంటారు. చోడవరం, ఎలమంచిలి వైపు చెరకు రైతు మాత్రం ఒక్కటే అడుగుతున్నాడు: ఆ డబ్బులో నా వాటా ఎంత?

1933లో ఏటికొప్పాకలో రైతులు కలిసి మిల్లు పెట్టుకున్న కథ ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే కాబట్టి మళ్లీ చెప్పను. నేటి తగవుకు వేరు 2008 డిసెంబరుకూ 2009 అక్టోబరుకూ మధ్య పది నెలల్లో ఉందని నా నమ్మకం.

అంతకుముందు ఒక లెక్క చూడాలి. టన్ను చెరకు ఆడితే 90 నుంచి 100 కిలోల పంచదార వస్తుంది. దాంతోపాటు తడి పిప్పి 280 నుంచి 300 కిలోలు, మొలాసిస్ 40 కిలోల పైన, ప్రెస్ మడ్ 30, 40 కిలోలు మిగులుతాయి. చాలా ఏళ్లు వీటిలో మొలాసిస్ ఒక్కదానికే గట్టి గిరాకీ ఉండేది. దాని ధరనూ 1961 నాటి కేంద్ర ఉత్తర్వు కట్టడి చేసింది. 1993 జూన్‌లో కేంద్రం ఆ నియంత్రణ ఎత్తేశాక అది మిల్లు ఖాతాలో అసలైన ఆదాయమైంది. చెరకు ధర నిర్ణయించే పద్ధతిలో మాత్రం దానికి చోటు దొరకలేదు.

ఆ చోటు 2008 డిసెంబరు 29న దొరికింది. చెరకు ధర నిర్ణయించేటప్పుడు మొలాసిస్, పిప్పి, ప్రెస్ మడ్‌ల మీద వచ్చే రాబడిని కూడా చూడాలని చెరకు నియంత్రణ ఉత్తర్వులో చేర్చారు. రైతు అమ్మేది పంచదార ఒక్కటే కాదని ప్రభుత్వమే కాగితం మీద ఒప్పుకుంది.

పది నెలలు తిరక్కుండానే 2009 అక్టోబరులో కనీస ధర పోయి ఎఫ్ఆర్‌పీ, అంటే కేంద్రం నిర్ణయించే న్యాయమైన, లాభదాయక ధర, వచ్చింది. దాంతోపాటే అదే ఉత్తర్వులోని 5ఎ నిబంధనను తీసేశారు. భార్గవ కమిషన్ సిఫార్సుతో 1974లో వచ్చిన ఈ నిబంధన ప్రకారం పంచదార మీద వచ్చిన అదనపు రాబడిలో సగం రైతుకు దక్కాలి. దాని అమలు అంతంతమాత్రమే అన్నది నిజం. అయినా చట్టంలో వాటా అనే మాట ఉండేది. కొత్త పద్ధతిలో ఉపఉత్పత్తుల విలువ ఢిల్లీలో ఒకే ధరలో కలిసిపోయింది. ఆ తర్వాత మిల్లు ఎంత సంపాదించినా రైతుకు అడిగే దారి లేకుండా పోయింది. ఆ నవంబరులో చెరకు రైతులు ఢిల్లీకి పోటెత్తారు. ఆ పోరాటం రాష్ట్రాలు ప్రకటించే ధర గురించి. వాటా పోయిన సంగతి ఆ హోరులో వినిపించలేదు.

2012లో చక్కెర రంగంపై కేంద్రం వేసిన రంగరాజన్ కమిటీ ఆ తప్పు దిద్దాలని చూసింది. పంచదార, మొలాసిస్, పిప్పి, ప్రెస్ మడ్ మీద వచ్చే రాబడిలో 70 శాతం రైతుకు ఇవ్వాలంది. అమలును రాష్ట్రాలకు వదిలారు. కర్ణాటక, మహారాష్ట్ర 2013లో ఇందుకు చట్టాలు చేసుకున్నాయి. మనవైపు రైతు చేతికి ఆ లెక్క రాలేదు.

2018లో కేంద్రం సి-హెవీ (పంచదార పూర్తిగా తీశాక మిగిలేది), బి-హెవీ (ఇంకా కొంత పంచదార ఉన్నది) మొలాసిస్‌ల నుంచి తీసే ఇథనాల్‌కు వేర్వేరు ధరలు కట్టింది. అదే ఏడాది అక్టోబరులో ప్రెస్ మడ్ వంటి వాటితో బయోగ్యాస్ తీసే సతత్ పథకం వచ్చింది. మిల్లు వెనక వాసన కొడుతూ పడి ఉండే గుట్టకు కూడా ఆ రోజుతో వెల వచ్చింది. తీరా చూస్తే మన తుమ్మపాల, తాండవ, ఏటికొప్పాక సహకార మిల్లులు ఆగిపోయాయి. గోవాడ మిల్లు బకాయిలతో ఈడుస్తూ వచ్చింది.

పరిశ్రమ వైపు వాదన కూడా ఉంది. డిస్టిలరీకి, గ్యాస్ ప్లాంటుకు పెట్టుబడి పెద్దది. లీటరు ఆల్కహాల్‌కు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ అనే మురికి నీరు వస్తుంది, దాన్ని బయటికి వదలకుండా శుద్ధి చేసే ఖర్చు వేరే. 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తీయడంపై కేంద్రం ఆంక్షలు పెట్టినట్టు విధానం రాత్రికి రాత్రి మారితే నష్టం తమదే అంటారు. అందులో నిజం ఉంది. ఆ నష్టభయంలో తమ భాగాన్ని రైతులు ఏళ్ల తరబడి బకాయిల రూపంలో మోశారన్నది కూడా నిజమే.

సహకార మిల్లులో రైతు చెరకు తోలేవాడు మాత్రమే కాదు, వాటాదారు కూడా. అందుకే లీజు అన్నా, కొత్త యూనిట్ అన్నా ఇక్కడి గ్రామాలు ఉలిక్కిపడతాయి. అనకాపల్లి బెల్లం గానుగల దగ్గర ఈ పేచీ ఎన్నడూ లేదు. అక్కడ చెరకు ఆడగా వచ్చిన పిప్పిని కళ్లంలోనే ఎండబెట్టి పెనం కింద మంటకు వాడతారు. చెరకు, పిప్పి, పాకం అన్నీ ఒకే రైతువి.

మిల్లు లెక్కకు వద్దాం. టన్ను సి-హెవీ మొలాసిస్‌తో సుమారు 225 లీటర్ల ఇథనాల్ వస్తుంది. అంటే టన్ను చెరకు మీద తొమ్మిది, పది లీటర్లు. 2025 జనవరిలో కేంద్రం నిర్ణయించిన ధర లీటరుకు 57 రూపాయల 97 పైసలు. ఖర్చులు తీయకముందు ఐదు వందల పైమాటే. ఇందులో పిప్పి, ప్రెస్ మడ్ కలపలేదు. 2025–26కు ఎఫ్ఆర్‌పీ 10.25 శాతం రికవరీ (చెరకు నుంచి వచ్చే పంచదార శాతం) ఉంటే టన్నుకు 3,550 రూపాయలు, 9.5 శాతం, అంతకన్నా తక్కువైతే 3,290 రూపాయల 50 పైసలు. ఆ ఐదు వందల్లో రైతు వంతు ఎంతో చెప్పే గడి మిల్లు ఇచ్చే చీటీలో లేదు. కొత్త ఒప్పందాల్లోనైనా ఆ గడి ఉంటుందా అన్నదే ఇప్పటి గొడవ.