టాబూ ఎక్కడి మాట?

చిరంజీవులు చిన్నికి, బాబికి తాతయ్య ఆశీస్సులు.

"టాబూ అంటే ఏమిటి తాతయ్యా, ఇంగ్లీషు మాటేనా?" అని చిన్ని ఫోన్లో అడిగింది. ఇంగ్లీషువాళ్లు వాడుతున్నారు గానీ, పుట్టింది వాళ్లింట్లో కాదు. 1777లో కెప్టెన్ కుక్ అనే నావికుడు పసిఫిక్ సముద్రంలోని టోంగా దీవుల్లో దిగాడు. అక్కడి పెద్దల్ని భోజనానికి పిలిస్తే ఒక్కరూ కూర్చోలేదు, ఏదీ ముట్టలేదు. ఇదేమిటంటే "టాపు" అన్నారు, అంటే కూడదని. ఆయన రాసిపెట్టుకున్నాడు. ఆ మాట ఓడెక్కి ఇంగ్లండు చేరింది.

కూడదు అన్నారని అది చెడ్డదనుకోకండి. మా నాయనమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టేది. స్నానం చేసి, మడి కట్టుకుని తనే దింపేది. మేం దాని ఛాయలకు పోకూడదు. మా అన్నయ్య ఓసారి ఎంగిలి చెయ్యి పెట్టి వీపు చింతపండు చేయించుకున్నాడు, అది వేరే కథ. జాడీ చెడ్డదా? కాదు, అపురూపం. పైగా మన తడి చెయ్యి తగిలితే బూజు పడుతుంది. టాపు అచ్చం అలాంటిదే. తెగ పెద్ద తల టాపు, గుడి టాపు, శవం టాపు. ఒకామెకు పక్కవాళ్లు తినిపిస్తుంటే కుక్ చూశాడు. చనిపోయిన తెగ పెద్దకు ఆమె స్నానం చేయించిందట. నెలలు గడిచినా తన చేత్తో తిండి ముట్టకూడదు!

ఫిజీలో ఊరిపెద్ద పోతే సముద్రంలో కొంత మేర చేపలు పట్టడం ఆపేస్తారు. ఆ జాడీకి కొన్నాళ్లు వాసెన కట్టినట్టే. ఈలోగా చేపలు పెరుగుతాయి.

హవాయిలో దీన్నే "కపు" అంటారు. ఒకప్పుడు అక్కడ ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి తినకూడదు. పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపళ్లు వాళ్లకు నిషేధంగా ఉండేవి. తడి చేత్తో జాడీ పాడవుతుంది, సరే. ఆడపిల్ల అరటిపండు తింటే దేనికి బూజు పడుతుంది? 1819లో లిహోలిహో అనే కుర్ర రాజు అందరూ చూస్తుండగా ఆడవాళ్ల సరసన కూర్చుని భోంచేశాడు. ఆకాశం విరిగి పడలేదు, కపుయే పోయింది. తల్లి, సవతి తల్లి వెనకుండి నడిపించిన పని అది. క్రైస్తవ మిషనరీలు దిగింది ఆ మరుసటి ఏడే, కాబట్టి అది వాళ్లు చేయించింది కాదు.

ఇప్పుడు మీకో పని. మీ నాయనమ్మ చిన్నతనంలో ఏమేం కూడదనేవారో అడిగి రాసుకోండి. దేనికి కారణం చెప్పారో, దేనికి చెప్పలేదో కూడా అడగండి. వంటింట్లో పని తెమిలాక అడగండి, మధ్యలో అడిగితే కసురుకుంటుంది.

మీ తాతయ్య