కుట్లు ఆరేదాకా చేపలు వద్దా?

కావలిలో మా పెద్దమ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. 74 ఏళ్లు. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు, ఎక్స్‌రే బాగుంది. ఇంటికొచ్చాక మొదటి ఆదివారం చూడబోయాను. వంటింట్లో మామిడికాయ వేసిన చేపల పులుసు ఉడుకుతోంది. ఆమె మంచం పక్కన స్టీలు గిన్నెలో మాత్రం చారన్నం. "కుట్లు ఆరేదాకా చేపలు, గుడ్లు పెట్టబాకండి, చీము పడతాది" అందట పక్కింటావిడ. పప్పు కూడా ఆపేశారు.

చీములో ఉండేది ఎక్కువగా చచ్చిన తెల్లరక్తకణాలు. గాయంలో దూరిన బాక్టీరియాని మింగి, చంపి, తామూ చచ్చిన న్యూట్రోఫిల్స్ అవి. చేపముక్కకీ దానికీ సంబంధం లేదు. పైగా ఆ కణాలను ఒళ్లు తయారుచేసుకోవాలంటే ప్రొటీన్ కావాలి. చీముకు భయపడి, చీము రాకుండా కాపాడేవాళ్లకే కూడు మాన్పించామన్నమాట!

అసలే ఆ వయసులో రోగనిరోధక శక్తి నీరసంగా ఉంటుంది. టి-కణాలనే ఒక రకం తెల్లరక్తకణాలకు శిక్షణ ఇచ్చే థైమస్ గ్రంథి ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది. ఎముక విరగడం ఒక దెబ్బ, ఆపరేషన్ కోత ఇంకో దెబ్బ. వీటితో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగి రక్షణ కణాలను అణుస్తుంది. దానికి పగ్గం వేసే డీహెచ్‌ఈఏ అనే హార్మోన్ ఇరవైల్లో దండిగా ఉంటుంది, డెబ్బైలకు అడుగంటుతుంది. తుంటి విరిగిన వృద్ధులను బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షిస్తే, ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో న్యూట్రోఫిల్స్‌కు బాక్టీరియాని చంపే సత్తా తగ్గి కనిపించింది. అంటే రిపోర్టులో కణాల లెక్క బాగున్నంత మాత్రాన ధీమా పడలేం.

ఇలాంటివాళ్లకు రోజుకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. మా పెద్దమ్మ 50 కిలోలు, కనీసం 60 గ్రాములు. మూడు పూటలా చారన్నం తిన్నా 15 గ్రాములు దాటదు. ఒక గుడ్డులో 6, వంద గ్రాముల చేపలో దాదాపు 20 ఉంటాయి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టర్ని అడిగే పెట్టాలి. షుగర్ అదుపులో లేకపోయినా న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి.

మర్నాడు పెద్దమ్మ కన్నకొడుకుని పట్టుకుని "ఎవరబ్బయా నువ్వు?" అంది. జ్వరం లేదు. చాదస్తంలే అనుకున్నారు అందరూ. పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. పెద్దవాళ్లలో జ్వరం రాకుండానే ఇన్ఫెక్షన్ ముదరొచ్చు. ఉన్నట్టుండి మనుషుల్ని పోల్చుకోలేకపోవడం, తిండి మానేయడం, రోజంతా మగతగా ఉండటం, ఇవి దాని ఆనవాళ్లు కావచ్చు.

ఇంకో భయం న్యుమోనియా. వెల్లకిలా పడుకునే ఉంటే ఊపిరితిత్తుల అడుగుభాగానికి గాలి సరిగా అందదు, కఫం పేరుకుంటుంది. అందుకే వీలైతే ఆపరేషన్ మర్నాడే వాకర్ పట్టించి నిలబెడతారు. మనవాళ్లు "పాపం, పడుకోనీండి" అంటారు. పడుకుంటే కండ కూడా కరిగిపోతుంది. లింఫోసైట్లు (టి-కణాల్లాంటి తెల్లరక్తకణాలు) వాడుకునే గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లానికి నిల్వ ఆ కండే.

రెండు వారాలకు కుట్లు విప్పారు. గాయం పొడిగా ఉంది. అప్పటికి పెద్దమ్మ రోజూ గుడ్డు, వారంలో మూడు రోజులు చేపలు తింటోంది. పక్కింటావిడ వచ్చి చూసి, "మీ వంశం ఒళ్లే మంచిదిలే" అనేసి వెళ్లింది.