కుక్కతో పాటు ఉతకని చొక్కా

నాలుగు రోజులు ఊరెళ్తున్నాం, మా కుక్కను మొదటిసారి బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే కెన్నెల్‌లో వదలాలి, ఏమేం సర్దాలి అని ఒకావిడ అడిగారు. గిన్నె, బెల్టు, టీకా పుస్తకం, రోజూ తినే తిండి... ఇవన్నీ కెన్నెల్ వాళ్ళే చెప్తారు, నేను వాటి జోలికి పోను. నేను చెప్పేది ఒక్కటే. మీరు రెండు మూడు రాత్రులు వేసుకుని పడుకున్న చొక్కా ఒకటి ఉతక్కుండా పంపండి.

ఇది సెంటిమెంటు అనుకోకండి, ముక్కు సంగతి. బడిలో ముక్కు బొమ్మ గీయించి, పేర్లు రాయించి, గాలి వెళ్ళే దారి అని చెప్పి ముగించేస్తారు, అసలు సరదా అంతా అక్కడే పోతుంది. కుక్క ముక్కులో ఆ దారి రెండుగా చీలుతుంది. పీల్చిన గాలిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తులకు పోతుంది, సుమారు 12-13 శాతం మాత్రం పై దారిన ముక్కు వెనక చివర ఉన్న గదిలోకి చేరుతుంది. ఆ గది నిండా కాగితం చుట్టల్లా మెలికలు తిరిగిన పల్చటి ఎముకలు, వాటి మీద వాసన పట్టే కణాలు. మనకవి 50-60 లక్షలైతే, కుక్కలకు జాతిని బట్టి 10 కోట్ల పైనే ఉంటాయని లెక్క. ఊపిరి వదిలేటప్పుడు కూడా ఆ గదిలో గాలి పెద్దగా కదలదు, అంటే వాసనకు అక్కడ నిలిచే తీరిక దొరుకుతుంది. పైగా అణువులు దారిలోనే వేరుపడతాయి: తడి పొరలో తేలిగ్గా కరిగేవి ముందే అంటుకుపోతాయి, అంతగా కరగనివి లోపలిదాకా వెళ్తాయి. కలిసిపోయిన పదార్థాలను విడదీసే క్రొమటోగ్రాఫ్ అనే యంత్రం లాబ్‌లో చేసే పని ఇదే, దీనికి కరెంటు అక్కర్లేదు, అంతే తేడా. వదిలిన ఊపిరి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి పోతుంది కాబట్టి ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోదు. ఇదంతా సెకనుకు ఐదుసార్లు!

అక్కణ్ణుంచి కబురు మెదడుకు వెళ్తుంది. చూపూ వినికిడీ మెదడులో థలామస్ అనే జంక్షన్ గుండా చుట్టు తిరిగి వస్తే, వాసన మాత్రం భయాన్నీ భరోసానీ తూచే అమిగ్డలా అనే భాగానికి దాదాపు నేరుగా చేరుతుంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మెదడు శాస్త్రవేత్త గ్రెగరీ బర్న్స్ బృందం 12 కుక్కలకు ఎంఆర్ఐ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పి (నాకైతే ఇదే పెద్ద వింత), ఐదు వాసనలు చూపించింది: తనది, తెలిసిన కుక్కది, తెలియని కుక్కది, తెలిసిన మనిషిది, తెలియని మనిషిది. మంచి జరగబోతోందన్నప్పుడు చురుకయ్యే కాడేట్ అనే మెదడు భాగం తెలిసిన మనిషి వాసనకే అన్నిటికన్నా ఎక్కువ స్పందించింది. ఆ మనిషి అక్కడ లేకపోయినా. 2015లో అచ్చయిన ఈ పరిశోధన చొక్కా పెడితే టెన్షన్ తగ్గుతుందని నిరూపించలేదు, అది నా ఊహే, కానీ ఖర్చు లేని ఊహ.

చొక్కాను బాగా మూసిన ప్లాస్టిక్ కవర్లో పెట్టి, అక్కడికి వెళ్ళాకే తీయండి, లేకపోతే వాసన దారిలోనే ఆవిరైపోతుంది. ఒకే వాసన అదేపనిగా తగులుతుంటే ఏ ముక్కయినా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది కాబట్టి రెండోది ఇంకో కవర్లో ఇచ్చి, మూడో రోజు వేయమనండి. ఉతకొద్దని కూడా చెప్పాలి, శుభ్రం ఎక్కువైన వాళ్ళు ఉతికేస్తారు. గుడ్డలు నమిలి మింగే కుక్కకైతే చొక్కా వద్దేవద్దు.

మూడో రోజనడానికి ఇంకో కారణం ఉంది. 1997లో అచ్చయిన ఒక పరిశోధనలో, షెల్టర్‌కి (ఇల్లు లేని కుక్కల్ని ఉంచే చోటు) వచ్చిన కుక్కల రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కొలిస్తే, మొదటి మూడు రోజుల్లో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గింది. షెల్టరూ బోర్డింగూ ఒకటి కావు, సరే. కానీ అదే లెక్కయితే నాలుగు రోజుల బసలో కష్టకాలమే ముప్పాతిక భాగం! అందుకే ముందే ఒకసారి రెండు గంటలు, ఇంకోసారి ఒక రాత్రి వదిలి తెచ్చుకోండి. అసలు రోజున ఆ చోటు దానికి పాత వాసనే అవుతుంది. రాత్రి ఊళ పెట్టిందని వాళ్ళు ఫోన్ చేస్తే కీడు శంకించకండి, ఒంటరిగా ఉన్న కుక్క తనవాళ్ళను పిలుస్తుంది, అంతే.

కెన్నెల్ కాఫ్ (కుక్కలు గుంపుగా ఉండేచోట అంటుకునే దగ్గు) టీకాలో ఒక రకాన్ని కూడా ముక్కులోనే వేస్తారు. అది అక్కడి పొరలోనే రక్షణ పుట్టిస్తుంది, పని మొదలవడానికి సుమారు మూడు రోజులు పడుతుంది, బయల్దేరే ముందు సాయంత్రం పరుగెత్తితే లాభం లేదు. సూది రకమైతే మొదటిసారి రెండు డోసులు, మధ్యలో కొన్ని వారాలు కావాలి. కాబట్టి ఆవిడ డాక్టర్‌కు ఈ వారమే ఫోన్ చేయాలి, చొక్కా సంగతి తర్వాత చూసుకోవచ్చు.